కొలత తప్పిన కళ్ళద్దాలు, కొలత కుదిరిన కళ్ళద్దాలు

రెండేళ్ళలో నాలుగు జతల కళ్ళద్దాలు కొన్నాను. మొదటిది 150 రూపాయలది, దానివల్ల కొంత మేలే జరిగింది. రెండోది 7,400 రూపాయలది, దాన్ని పెట్టుకుని మెట్ల మీద పడబోయాను. మూడోదీ నాలుగోదీ ఇప్పుడు రోజూ వాడుతున్నాను. నలభై దాటి, చేతిపని మీద బతికే ఆడవాళ్ళు అద్దాలు కొనేముందు ఇది చదివితే నేను పోగొట్టుకున్న డబ్బు వాళ్ళకైనా మిగులుతుందని రాస్తున్నాను.

నా వయసు 49. విజయవాడ సత్యనారాయణపురంలో ఇంటి ముందు గదిలోనే జాకెట్లు కుడతాను. ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని.

ఇబ్బంది సూది దగ్గర మొదలైంది. పదకొండో నంబరు మిషను సూదికి దారం ఎక్కించడానికి నాకు ఎన్నడూ రెండో ప్రయత్నం కావలసి రాలేదు. కొస కొరికి, నాలుకతో తడిపి, వేళ్ళ మధ్య నలిపితే చాలు, దారం దూరిపోయేది. 2023 వేసవిలో అది కన్నం పక్కనుంచి జారిపోవడం మొదలుపెట్టింది. ట్యూబులైటు పాతబడిందనుకుని కొత్తది వేయించాను. దారం నాసిరకమనుకుని వేరే రకం తెచ్చాను. నల్లగుడ్డ మీద నల్లదారం పని ఉంటే మధ్యాహ్నం వెలుతురుకు దాచుకున్నాను. హుక్కులు, కాజాలు మా అమ్మాయికి అప్పగించి, "చదువుతో పాటు ఇదీ నేర్చుకోవాలి" అన్నాను. అది అసలు కారణం కాదని నాకు తెలుసు, తనకీ తెలుసు. ఏమీ అనకుండా కుట్టి పెట్టింది.

దీనికి మన భాషలో ఎప్పటినుంచో పేరుంది, చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయసు దాటాక వచ్చే చూపు అన్నమాట. కంటి లోపలి కటకం పుట్టినప్పుడు మెత్తగా ఉంటుంది. దగ్గరి వస్తువును చూడాలంటే అది కాస్త ఉబ్బుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి, ఆ ఉబ్బే గుణం తగ్గిపోతుంది. పదేళ్ళ పిల్ల ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని కూడా స్పష్టంగా చూడగలదు. నలభై దాటాక మనం చెయ్యి చాపుకుంటూ పోతాం. ఇది అందరికీ వస్తుంది. ఇందులో దాచుకోవలసింది ఏమీ లేదు. కానీ నేను దాచాను.

ఎందుకు దాచానో ఆలోచిస్తే నా కొలతల పుస్తకాలే గుర్తుకొస్తాయి. మా అల్మారాలో పదకొండు పుస్తకాలున్నాయి. పెళ్ళి జాకెట్టు నుంచి కూతురి పెళ్ళికి కట్టుకునే పట్టుచీర జాకెట్టు దాకా ఒకే మనిషి కొలతలు వాటిలో ఉన్నాయి. చేతి చుట్టు పది అంగుళాలు ఉన్న ఆమెకు ఇప్పుడు పదమూడున్నర. నలభై అయిదు దాటిన ఆడవాళ్ళు టేపు చూడగానే ఊపిరి బిగబడతారు. "పాత కొలతే ఉంచండి" అంటారు. నేను వినను. ఊపిరి వదలమంటాను, వదిలాకే కొలుస్తాను. జాకెట్టు ఒంటికి సరిపోవాలి గానీ ఒళ్ళు జాకెట్టుకు సరిపోవడం ఏమిటి? కుట్ల లోపల రెండు వైపులా అంగుళం చొప్పున గుడ్డ వదిలి మరీ కుడతాను, రేపు విప్పుకోవడానికి వీలుగా. ఇంతమందికి ఈ మాట చెప్పిన దాన్ని, నా కళ్ళ దగ్గరకు వచ్చేసరికి పాత కొలతే ఉంచమని పట్టుబట్టాను.

పైగా ఆ రోజుల్లో ఒంట్లో ఒక్క కళ్ళే మారలేదు. నెలసరి రెండు నెలలకోసారి, మూడు నెలలకోసారి వచ్చేది. తెల్లవారుజామున మూడింటికి మెడ కింద చెమట పట్టి మెలకువ వచ్చేది. చిన్న మాటకు కోపం, వెంటనే ఏడుపు. కొన్నేళ్ళ క్రితం దాకా "అక్కా" అని పిలిచిన అమ్మాయిలు "పిన్నిగారూ" అనడం మొదలుపెట్టారు. ఇన్ని మార్పుల మధ్య కళ్ళద్దాలు కూడా ఒప్పుకుంటే ఇక అంతా ఒప్పుకున్నట్టే అనిపించింది. ఇప్పుడు తలచుకుంటే ఆ ఏడాది వృథాగా కళ్ళను బాధపెట్టానని చాలా బాధగా ఉంటుంది.

మొదటి జత బీసెంట్ రోడ్డులో ఫుట్‌పాత్ మీద కొన్నాను. తయారుగా దొరికే అద్దాలు, ఒకటిన్నర పవర్. వస్త్రలత బట్టల మార్కెట్‌కు లైనింగ్ గుడ్డ కోసం వెళ్ళి వస్తూ ఊరికే పెట్టి చూశాను. చేతిలో ఉన్న గుడ్డ నేతపోగులు ఒక్కొక్కటిగా కనిపించాయి. పడుగు, పేక విడివిడిగా. రోడ్డు మీద నిలబడి ఆ పోగులనే చూస్తూ ఉండిపోయాను. చవక అద్దాలని తీసిపారేయకండి. రెండు కళ్ళకూ ఒకే పవర్ అయి, దూరపు చూపు బాగున్నవారికి చేతిపనికి ఇవి కొన్నాళ్ళు బాగానే సరిపోతాయి. వాటితో వచ్చే చిక్కల్లా, తల ఎత్తితే ఎదుటి మనిషి మొహం మసకగా ఉంటుంది. కొలత తీసేటప్పుడు అద్దాలు తీయడం, పుస్తకంలో అంకె రాయడానికి పెట్టుకోవడం, మళ్ళీ తీయడం. రోజుకు వందసార్లు. ఒకసారి వాటి మీదే కూర్చున్నాను, కాడ విరిగింది. దారంతో కట్టుకుని వాడాను.

అందుకే దూరానికీ దగ్గరకూ ఒకే జత చేయించుకుందామని ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాను. పేరు రాయను. మా అమ్మకు గీత అద్దాలుండేవి. కింద అర్ధచంద్రుడిలా ఒక ముక్క, పైనా కిందా రెండే చూపులు. ఇప్పుడు గీత లేని ప్రోగ్రెసివ్ అద్దాలు వచ్చాయని, అవే తీసుకోమని చెప్పారు. పైభాగంలో దూరం, మధ్యలోంచి దిగుతూ పవర్ కొద్దికొద్దిగా పెరిగి అడుగున దగ్గర. 1959లో ఫ్రాన్సులో మొదట అమ్మకానికి వచ్చినవి, నిజంగా గొప్ప ఉపాయం. కానీ ఆ దుకాణంలో నా పని ఏమిటని ఒక్కరూ అడగలేదు. మొహానికి బాగుంటుందని సన్నటి ఫ్రేమ్ ఒకటి చూపించి, రెండు నల్లగుడ్ల మధ్య దూరం ఒక్కసారి చూసి, డబ్బు తీసుకున్నారు.

వారం తరువాత అవి పెట్టుకుని ఇంటికి వస్తుంటే నేల ఊగింది. మేడమెట్లు దిగుతుంటే అడుగు ఎక్కడ వేయాలో తెలియలేదు, గోడ పట్టుకున్నాను. మిషను మీద కూర్చుంటే సూది కనబడడానికి గడ్డం పైకెత్తాలి. గంటకల్లా మెడ పట్టేసింది. వెనక్కి తీసుకెళితే, అక్కడి కుర్రవాడు "ఈ వయసులో అలవాటు పడడానికి టైము పడుతుంది మేడమ్" అన్నాడు. రెండు నెలలు అలవాటు పడడానికే చూశాను. ప్రతి రోజూ తలనొప్పి. లోపం నాదేననుకున్నాను. అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది ఇదే. డబ్బు పోయినందుకు కాదు, తప్పు నా వయసుదని నమ్మించినందుకు.

మా వీధిలో ఒక టీచరుగారు చెప్పగా గవర్నరుపేటలో మరో చిన్న దుకాణానికి వెళ్ళాను. దాని పేరూ రాయడం లేదు. ఆయన పనితీరు రాస్తాను, దాన్నిబట్టి మీ ఊళ్ళో అలాంటి మనిషిని వెతుక్కోవచ్చు. అరవై దాటిన పెద్దాయన, ఒక సహాయకురాలు, అంతే. ముందు నా పాత అద్దాలను వెలుతురుకు ఎత్తి పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. ప్రోగ్రెసివ్ అద్దం మీద కంటికి ఆనని చిన్న చెక్కుడు గుర్తులుంటాయట. వాటి మీద మార్కర్‌తో చుక్కలు పెట్టి, అద్దాలు నాకు పెట్టి, ఎదురుగా కూర్చున్నారు. "మీ నల్లగుడ్డుకు సరిగ్గా ఎదురుగా ఉండవలసిన చోటు నాలుగు మిల్లీమీటర్లు కిందికి ఉందమ్మా. ఫ్రేమ్ ఎత్తు కూడా చాలదు. దగ్గర చూపు ఉండే భాగం సగం కోసేశారు" అన్నారు. "అలవాటు పడలేకపోయానండీ" అన్నాను. "కొలత తప్పితే మీరెందుకు అలవాటు పడాలి?" అన్నారాయన.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇరవై ఏడేళ్ళుగా నేను అంటున్న మాట, వేరే మనిషి నోట నా గురించి వినడం అదే మొదటిసారి.

తరువాత ఏం పని చేస్తారని అడిగారు. చెప్పాను. "ఎలా కూర్చుని కుడతారో చూపించండి" అన్నారు. సంచిలో హెమ్మింగ్ చేయవలసిన జాకెట్టు ఒకటి ఉంది. స్టూలు మీద కూర్చుని, గుడ్డ ఒడిలో పెట్టుకుని, సూది పట్టుకున్నాను. ఆయన దగ్గర పొడవు కొలిచేందుకు సరైనది ఏదీ చేతికి దొరక్కపోతే నా సంచిలోంచి నా టేపే తీసిచ్చాను. పసుపు రంగు టేపు, అంచులు వెలిసిపోయింది. దాని ఇత్తడి కొస నా కనుబొమ దగ్గర ఆనించి, సూది దాకా లాగారు. 33 సెంటీమీటర్లు. మిషను సూదికి ఎంత దూరమో ఇంట్లో కొలిచి రమ్మన్నారు. మర్నాడు చెప్పాను, 48. ఎన్ని వేలమంది మీద ఆ టేపు వేశానో నాకు లెక్క లేదు. నా మీద ఇంకొకరు వేయగా చూడడం అదే మొదలు. ఊపిరి బిగబట్టాను, నాకే తెలిసింది. వదిలాను.

నల్లగుడ్ల మధ్య దూరాన్ని కూడా మొత్తంగా కాకుండా ముక్కు మధ్య నుంచి ఒక్కో కంటికీ విడిగా కొలిచారు. కుడివైపు 32, ఎడమవైపు 30 మిల్లీమీటర్లు. ఇది నాకు వెంటనే అర్థమైంది. ఎవరి భుజాలూ రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఒక భుజం కొలిచి రెండోదానికి అదే వేసే దర్జీ చేతిలో మెడ ఎప్పుడూ ఒక పక్కకు జారుతుంది.

ఆయన చెప్పిన ఇంకో మాట నాకు బాగా నచ్చింది. ఆడవాళ్ళకు మగవాళ్ళకన్నా కాస్త ముందే దగ్గర అద్దాలు కావలసి వస్తాయట. కంటి బలంలో తేడా ఉండి కాదు. మన చేతులు పొట్టివి, పనిని ఒంటికి దగ్గరగా పట్టుకుంటాం, అందుకని.

అద్దాలు చేయించే ముందు కంటి డాక్టరు దగ్గరకు పంపారు. ఇది తప్పకుండా చేయండి. నలభై దాటాక నీటికాసులు (గ్లాకోమా) చడీచప్పుడు లేకుండా వస్తాయి, కంటి ఒత్తిడి, కంటి నరం చూస్తే గానీ తెలియదు. షుగరు ఉన్నవారికి కంటి వెనుక పొర కూడా చూడాలి. నాకు ఆ రెండూ లేవు. కళ్ళు పొడిబారాయని తేలింది. సాయంత్రానికి ఇసుక పడ్డట్టు ఉండడం పని వల్ల అనుకునేదాన్ని. ముట్లుడిగే వయసులో హార్మోన్లు తగ్గి కన్నీటి పొర పలచబడుతుందని, మిషను మీద కన్నార్పకుండా చూస్తూ కూర్చోవడం దానికి తోడయిందని డాక్టరమ్మ చెప్పారు. చుక్కల మందు రాసిచ్చారు. రాత్రి చెమటల గురించి కూడా ఆవిడే అడిగారు, లేడీ డాక్టరును కలవమన్నారు. కంటి పరీక్షకు వెళ్ళిన చోట ఆ మాట కూడా అడిగినందుకు ఆవిడకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఇక అసలు సంగతి. దూరానికి పెద్దగా పవర్ లేదు, కుడికి అర, ఎడమకు పావు. దగ్గరకు అదనంగా ఒకటిముప్పావు. నా పనికి ఒక్క జత చాలదని ఆయన నిజాయితీగా చెప్పారు. బయటికి వెళ్ళడానికి, కొలతలు తీయడానికి, వంటింటికి ప్రోగ్రెసివ్ జత. మిషను దగ్గర కూర్చుని చేసే పనికి వేరే జత. ఇందులో దూరం ఉండదు, మిషను సూదీ ఒడిలోని గుడ్డా రెండే ఉంటాయి, కనిపించే మేర చాలా వెడల్పు. కంప్యూటర్ మీద పనిచేసేవాళ్ళకు ఇచ్చే రకమట. ప్రోగ్రెసివ్‌కు ఫ్రేమ్‌తో కలిపి 8,600, పని జతకు 3,900 అయింది. నాకు అది చిన్న మొత్తం కాదు. చీటీ డబ్బులోంచి తీశాను.

ఎనిమిది నెలలు వాడాక చెబుతున్నాను. పని జతకు నేను పూర్తి మార్కులు వేస్తాను. మొదటి రోజు నుంచే హాయిగా ఉంది, అలవాటు పడవలసిన అవసరమే రాలేదు. మెడ నిటారుగా ఉంచి కుడుతున్నాను. రోజుకు మూడు జాకెట్లకు పడిపోయిన పని మళ్ళీ అయిదుకు చేరింది. కాజాలు మళ్ళీ నేనే కుడుతున్నాను. ముదురు వంగపండు రంగు గుడ్డ మీద అదే రంగు దారంతో హెమ్మింగ్ రాత్రిపూట చేశాను. కుట్టుకూ కుట్టుకూ మధ్య నాలుగేసి పోగులు లెక్కపెట్టి.

ప్రోగ్రెసివ్ జత మంచిదే, కానీ తెలిసి కొనుక్కోవాలి. పక్కలకు చూస్తే మసక ఉంటుంది, అది ఎంత ఖరీదైన దానికైనా కొంత తప్పదు, ఖరీదు తగ్గేకొద్దీ మసక ఎక్కువ. కళ్ళు తిప్పకుండా తల తిప్పడం నేర్చుకోవాలి. నాకు పది రోజులు పట్టింది. మెట్లు దిగేటప్పుడు గడ్డం కిందికి వంచి పైభాగంలోంచి చూడాలి. పై అరలో బొత్తాల డబ్బాల మీద అంటించిన అంకెలు దగ్గరగా ఉన్నా కనబడవు, దగ్గర చూపు అద్దం అడుగున ఉంటుంది కదా. స్టూలు ఎక్కి చూస్తున్నాను. కాటుక పెట్టుకోవడానికి ఏ అద్దాలూ పనికిరావు. బొట్టు మాత్రం వేలి గుర్తుతో సరిగ్గా మధ్యలోనే పడుతోంది. ఒంట్లోంచి ఆవిర్లు వచ్చినప్పుడు అద్దాలు ఒక్కసారిగా మబ్బుపట్టిపోతాయి, తీసి పక్కన పెట్టి రెండు నిమిషాలు ఫ్యాను కింద కూర్చుంటాను. ఆ రెండు నిమిషాలు కూర్చోవడం కూడా ఈ ఏడాదే నేర్చుకున్నాను.

దుకాణం మీద నాకున్న ఫిర్యాదులు రెండు. వారంలో ఇస్తామని పదహారు రోజులు చేశారు, పెళ్ళిళ్ళ రోజులు కావడంతో చాలా ఇబ్బంది పడ్డాను. ఆడవాళ్ళ ఫ్రేములు తక్కువ, ఉన్నవి ముక్కు మీద ఎర్రటి గుర్తులు వేసేంత బిగువు. రెండుసార్లు వెళితే సరిచేశారు, డబ్బు అడగలేదు. నెలలోపు చూపు కుదరకపోతే అద్దాలు మార్చి ఇస్తామని రసీదు మీద రాసిచ్చారు. ఎక్కడ కొన్నా ఈ మాట రాయించుకోండి.

ఇంత ఖర్చు పెట్టలేనివారు ఆగిపోవద్దు. ఖమ్మం జిల్లాలో ఉండే మా అక్కకు 2023లో తెలంగాణ ప్రభుత్వం ఉచిత కంటి పరీక్షల కోసం పెట్టిన కంటి వెలుగు రెండో విడత శిబిరంలో దగ్గర అద్దాలు ఉచితంగా ఇచ్చారు. బియ్యంలో రాళ్ళు ఏరడానికి, మందుల మీద అక్షరాలు చదవడానికి అవే వాడుతోంది, బాగున్నాయి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలు 751 మందిని తీసుకుని, సగంమందికి దగ్గర అద్దాలిచ్చి, మిగతా సగానికి ఆ ప్రయోగం అయ్యాక ఇచ్చారట. ఎక్కువమంది ఆడవాళ్ళే. ముందే అద్దాలు అందినవాళ్ళ ఆకుకోత మిగతావాళ్ళ కన్నా సుమారు 22 శాతం ఎక్కువగా పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మామూలు చవక అద్దాలే. మా అమ్మాయి ఫోనులో చదివి వినిపిస్తే, సూదిలో దారం దూరక చేతులు వణికిన నా ఏడాది గుర్తొచ్చి, ఆ తోటల్లో ఆ అద్దాలు ముందే ఎందుకు అందలేదా అని ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు.

బీసెంట్ రోడ్డులో కొన్న ఆ 150 రూపాయల జతకు కొత్త కాడ వేయించి బాబిన్ల డబ్బా పక్కన పెట్టాను. అంచు డిజైను చూడడానికి చెయ్యి చాపే ఆడవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఏమీ అనకుండా అది వాళ్ళ ముందుకు జరుపుతాను. కొందరు "అబ్బే, లైటు సరిగ్గా లేదు" అంటారు. లైటు వేస్తాను. కాసేపటికి వాళ్ళే తీసుకుని పెట్టుకుంటారు. పోయిన వారం ఒకామె పెట్టుకుని, తన చీర జరీ పోగుల్ని చూస్తూ అలాగే ఉండిపోయింది. నలభై నాలుగేళ్ళు ఉంటాయి. "ఇవి ఎక్కడ దొరుకుతాయండీ?" అని అడిగింది. తీసుకెళ్ళమన్నాను. డబ్బు ఇవ్వబోయింది, వద్దన్నాను. డాక్టరుకు చూపించాకే అసలైనవి చేయించుకోమని చెప్పి, గవర్నరుపేట దుకాణానికి దారి ఆమె జాకెట్టు రసీదు వెనుక రాసిచ్చాను. రేపు వస్త్రలతకు వెళ్ళే పని ఉంది, వచ్చేటప్పుడు ఒకటిన్నర పవర్‌వి ఇంకో రెండు జతలు తేవాలి.